రక్తంలో కాల్షియం బాగుంటే ఎముక బాగున్నట్టేనా? ఎముకల, వెన్నెముక వైద్యులకు ఒక బహిరంగ లేఖ

ఎముకల డాక్టర్లకు, వెన్నెముక సర్జన్లకు, జనరల్ ఫిజీషియన్లకు, ఎక్స్‌రేలు చూసి రిపోర్టులు రాసే రేడియాలజిస్టులకు నమస్కారం.

విరిగిన ఎముకను నిలబెట్టేది మీరు. మంచం పట్టినవాళ్లను మళ్లీ నడిపించేది మీరు. ఆ ఋణం మా ఇంటికీ ఉంది. అయినా ఈ ఉత్తరం రాయక తప్పలేదు. ముందు మా అమ్మకు వైద్యం చేసిన ఆస్పత్రికి రెండుసార్లు రాశాను. మొదటిసారి "మీ లేఖ అందింది" అని ఒక్క ముక్క వచ్చింది. రెండోసారి అదీ లేదు. ఆ ఆస్పత్రి పేరు ఇక్కడ రాయను. వెయిటింగ్ హాళ్లలో మూడేళ్లు కూర్చున్నాక, పక్క కుర్చీల్లో ఉన్నవాళ్ల ఫైళ్లలోనూ ఇదే కథ కనిపించింది కాబట్టి మీ అందరికీ కలిపి రాస్తున్నాను.

అమ్మకు 61 ఏళ్లప్పుడు బకెట్ ఎత్తబోతే నడుము పట్టేసింది. ఎక్స్‌రే తీస్తే నడుము మొదటి పూస కాస్త అణిగిందన్నారు. "వయసండీ. కాల్షియం వేసుకోండి" అన్నారు. బకెట్ ఎత్తినంత మాత్రాన పూస ఎందుకు అణగాలి అని ఎవరూ అడగలేదు. ఏడాది తిరక్కుండా కిడ్నీలో రాయి. ఆ డాక్టరు గారు మందుల చీటీ చూసి "కాల్షియం ఎవరు వేసుకోమన్నారు? ఆపేయండి" అన్నారు. అమ్మ ఆపేసింది. తర్వాత మెడ నొప్పి. ఇంకో డాక్టరు గారు ఎక్స్‌రేను లైటుకు పెట్టి, "చూశారా, ఎముక పెరిగింది. కాల్షియం పేరుకుపోయింది" అన్నారు. రక్తపరీక్షలో కాల్షియం 10.8 వచ్చింది. ఆర్నెల్లకు 11.1. రిపోర్టులో ఆ అంకె పక్కన, హద్దు దాటిందని చెప్పే నక్షత్రం గుర్తు కూడా ఉంది. "మీకు కాల్షియానికి లోటు లేదమ్మా, ఎముకలు గట్టిగానే ఉంటాయి" అని భుజం తట్టి పంపించారు. అదే ఏడు వీపు కింది భాగంలో ఇంకో పూస కుంగింది. వంటింట్లో పై అర అమ్మకు అందకుండా పోయింది. అర ఎత్తు మారలేదు కదా, మారింది అమ్మే.

చివరికి ఒక డాక్టరమ్మ పాత రిపోర్టులన్నీ తేదీల వారీగా బల్ల మీద పరిచి, ఒకే ఒక్క పరీక్ష రాశారు. పారాథైరాయిడ్ హార్మోన్. అది ఉండాల్సినదానికి మూడింతలు ఉంది. మెడలో థైరాయిడ్ వెనక నాలుగు చిన్న గ్రంథులుంటాయి. వాటిలో ఒకటి కణితిగా మారి, ఎవరి మాటా వినకుండా హార్మోను వదులుతోంది. ఎముకలోని కాల్షియం కరిగి రక్తంలోకి, అక్కణ్నుంచి మూత్రంలోకి పోతోంది. అణిగిన పూసలు, కిడ్నీలో రాయి, రిపోర్టులో నక్షత్రం గుర్తు, ఈ మూడూ ఒకే జబ్బు. ముగ్గురు డాక్టర్లు మూడు ముక్కలు చూశారు.

నేను డాక్టర్ని కాను. కానీ ఆ తర్వాత ఈ విషయం నాకు చేతనైనంత చదివాను, అడిగి తెలుసుకున్నాను. ఇవన్నీ మీ పాఠ్యపుస్తకాల్లో ఉన్నవే. మా దాకా రాకుండా ఎక్కడ ఆగిపోతున్నాయో, దానివల్ల మాకేమవుతోందో చెప్పడానికే కింద వరస పెడుతున్నాను.

1. పెద్దవాళ్ల ఒంట్లో దాదాపు ఒక కిలో కాల్షియం ఉంటుంది. అందులో 99 శాతం ఎముకల్లో, పళ్లలో. రక్తంలో తిరిగేది ఆ మొత్తంలో పిసరంత. కానీ గుండె కొట్టుకోవాలన్నా, కండరం బిగుసుకోవాలన్నా, నరం కబురు మొయ్యాలన్నా, రక్తం గడ్డకట్టాలన్నా ఆ పిసరు సరిగ్గా ఉండాలి. అందుకే శరీరం దాన్ని డెసిలీటరుకు సుమారు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాముల మధ్య పట్టి ఉంచుతుంది. కాస్త తగ్గితే చాలు, పారాథైరాయిడ్ గ్రంథులు పసిగడతాయి. వాటి హార్మోను మూడు పనులు చేయిస్తుంది. ఎముకను తొలిచే కణాలను పురమాయిస్తుంది. కిడ్నీల చేత కాల్షియాన్ని వెనక్కి పట్టిస్తుంది, ఫాస్ఫేటును బయటికి పంపిస్తుంది. కిడ్నీలోనే విటమిన్ డిని పనిచేసే రూపానికి మార్పించి, పేగులు ఆహారంలోని కాల్షియాన్ని ఎక్కువగా పీల్చుకునేలా చేస్తుంది.

అంటే తిండిలోంచి చాలినంత రానప్పుడు రక్తం లోటు తీర్చడానికి ఎముకే ఇవ్వాలి. పొయ్యి వెలుగుతోంది కాబట్టి గాదె నిండుగా ఉందనుకోవడం ఎంత తప్పో, రక్తంలో కాల్షియం అంకె బాగుంది కాబట్టి ఎముక బాగుందనుకోవడం అంత తప్పు. ఎముకలు గుల్లబారినవాళ్లలో చాలామందికి రక్తంలో కాల్షియం మామూలుగానే ఉంటుంది. విటమిన్ డి తక్కువైనవాళ్లలోనూ చాలాకాలం మామూలుగానే ఉంటుంది, పారాథైరాయిడ్ హార్మోను ఎముకను కరిగించి ఆ అంకెను నిలబెడుతుంది కాబట్టి. ఈ సంగతి తెలియని మేము, మీ నోట "నార్మల్" అన్న మాట వినగానే ఊపిరి పీల్చుకుని ఇంటికొస్తాం. రక్తంలో అంకె పెరిగినప్పుడు ఇంకా పెద్ద మోసం. పెరిగిందంటే ఎముకకు కలిసొచ్చిందని మేము అనుకుంటాం. చాలాసార్లు అది ఎముక పోగొట్టుకున్నది.

అమ్మకు వచ్చిన ఈ పారాథైరాయిడ్ జబ్బు నిన్న మొన్న కనిపెట్టింది కాదు. స్వీడన్‌లో ఇవార్ శాండ్‌స్ట్రోమ్ ఈ గ్రంథుల గురించి 1880లోనే రాశారు. ఎముకలు కరిగిపోతున్న ఒక రోగి మెడలోంచి ఇలాంటి కణితిని ఫెలిక్స్ మాండ్ల్ 1925లో వియన్నాలో తీశారు. అమెరికాలో ఓడ కెప్టెన్ చార్లెస్ మార్టెల్ ఇదే జబ్బుతో ఎముకలు విరిగి, ఏళ్ల తరబడి ఎత్తు కోల్పోతూ వచ్చారు. 1932లో ఏడో ఆపరేషనులో గానీ ఆయన కణితి దొరకలేదు, అది ఛాతీలో ఉంది. ఆనాడు వెతకడానికి సాధనాల్లేవు. ఈనాడు ఒక గొట్టం రక్తంతో తేలిపోయేదానికి మా అమ్మ ఇంకో పూస చెల్లించాల్సి వచ్చింది.

2. "ఎముకల బలహీనత" అని మీరు ఒకే మాట అంటారు. దాని కింద కనీసం రెండు వేర్వేరు సంగతులున్నాయి. ఆస్టియోపోరోసిస్‌లో ఎముక తగ్గిపోతుంది, ఉన్న ఎముకలో ఖనిజం మామూలుగానే ఉంటుంది. ఆస్టియోమలేషియాలో ఎముకకు కావలసిన చట్రం తయారవుతుంది గానీ, దానిలో కాల్షియం, ఫాస్ఫేటు సరిగ్గా చేరవు. పచ్చిగోడలా మెత్తగా ఉండిపోతుంది. ఎక్కువసార్లు కారణం విటమిన్ డి లోటు. విటమిన్ డి చాలినంత ఉంటే పేగులు ఆహారంలోని కాల్షియంలో 30 శాతం, ఇంకా కాస్త ఎక్కువ పట్టుకుంటాయి. లేకపోతే 10, 15 శాతం దగ్గరే ఆగిపోతాయి. అలాంటి మనిషికి ఒట్టి కాల్షియం మాత్ర ఇస్తే ఎక్కువ భాగం వచ్చిన దారినే పోతుంది.

ఈ జబ్బు ఉన్నవాళ్లకు నడుము, తుంటి, తొడలు లాగేస్తాయి. కూర్చున్న చోటు నుంచి చేతులు ఊనకుండా లేవలేరు. అటూ ఇటూ ఊగుతూ నడుస్తారు. ఒళ్లంతా నొప్పి అంటే, స్కానులో ఏమీ లేదు కాబట్టి "మనసులో దిగులు" అని రాసి పంపేసినవాళ్లను నేను చూశాను. వాళ్ల రిపోర్టులో చాలాసార్లు ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ (ఎముక కట్టే పనిలో ఉండే ఎంజైము) పెరిగి ఉంటుంది, ఫాస్ఫేటు తగ్గి ఉంటుంది. ఆ రెండు అంకెల మీద దయచేసి చూపు పెట్టండి. సరైన మోతాదులో విటమిన్ డి, కాల్షియం కలిపి ఇస్తే కొన్ని నెలల్లో లేచి తిరిగే జబ్బు ఇది. ఇన్ని ఎముకల జబ్బుల్లో ఇంత చక్కగా లొంగేది అరుదు. అలాంటిది ఏళ్ల తరబడి నొప్పి మాత్రలతో గడిపించడం నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించే విషయం.

3. "కాల్షియం పేరుకుపోయి ఎముక పెరిగింది." ఈ వాక్యం దయచేసి మానండి. డిస్క్ ఎండి, ఎత్తు తగ్గి, పూస అంచుల్లో లాగుడు ఎక్కువైతే, శరీరం ఆ అంచున ముందు మృదులాస్థిని, తర్వాత ఎముకను కడుతుంది. ఆ మొనలు అక్కడి అరుగుదలకు, లాగుడుకు వచ్చిన జవాబు. తిన్న కాల్షియం ఎక్కువై వచ్చి అక్కడ పేరుకున్నది కాదు, కాల్షియం మానేస్తే కరిగేదీ కాదు. కానీ మీ మాట విన్న మనిషి ఏం చేస్తాడు? కాల్షియం ఉన్న ఆహారమంతా మానేస్తాడు. పూస అంచున మొన అలాగే ఉంటుంది, పూస లోపల మాత్రం ఇంకాస్త గుల్లవుతుంది.

యాంకైలోజింగ్ స్పాండిలైటిస్‌లో ఇది మరీ కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. వాపు వల్ల పూసల మధ్య వంతెనల్లా కొత్త ఎముక వస్తుంది, వెన్ను కట్టెలా బిగుసుకుంటుంది. అదే సమయంలో అవే పూసల లోపలి ఎముక పలచబడిపోతుంది. ఒకే పూసలో బయట పెరగడం, లోపల తరగడం. దీన్ని "కాల్షియం ఎక్కువ" అనాలా, "తక్కువ" అనాలా? ఆ రెండు మాటలూ ఇక్కడ పనికిరావు.

ఇందులోనే ఇంకో చిక్కుంది. ఎముక సాంద్రత చూసే డెక్సా స్కానుకు పూస లోపలి ఎముక ఏదో, అంచున పెరిగిన మొన ఏదో తేడా తెలియదు. అన్నిటినీ కలిపి లెక్కేస్తుంది. అణిగిన పూస కూడా దట్టంగానే కనిపిస్తుంది. మా అమ్మ నడుము టీ స్కోరు (వయసులో ఉన్నవాళ్ల ఎముకతో పోల్చి ఇచ్చే అంకె, మైనస్ ఎంత పెరిగితే ఎముక అంత పలచన) మైనస్ 1.4 అని వచ్చింది, "పర్వాలేదు" అన్నారు. తర్వాత ముంజేయి కొలిస్తే మైనస్ 3 దాటింది. పారాథైరాయిడ్ జబ్బులో ముంజేతి ఎముకను కూడా కొలవాలని మీ వైద్యశాస్త్రమే చెబుతోంది.

4. వెన్నుపూస విరిగితే పెద్ద చప్పుడు ఉండదు. మూడింట రెండు వంతులు విరిగిన సంగతే ఎవరికీ తెలియకుండా గడిచిపోతాయి. పూస లోపల తేనెపట్టులాంటి ఎముక ఉంటుంది. దానికి ఉపరితలం ఎక్కువ కాబట్టి, తొలిచే కణాల పని అక్కడ ముందు కనిపిస్తుంది. నెలసరి ఆగిన తర్వాతి ఏళ్లలో ఆడవాళ్లకు పూసలు ముందు గుల్లబారడానికి ఇదొక కారణం. ఒక పూస కుంగిన ఆడవాళ్లలో దాదాపు అయిదుగురిలో ఒకరికి ఏడాది లోపే ఇంకో పూస కుంగుతుంది. ఏడాది లోపు! మీరు "వయసు" అని రాసి మూడు నెలలకు రమ్మనే సమయం అది.

ఆ తర్వాత జరిగేది మేము చూస్తాం. వీపు వంగుతుంది. పక్కటెముకలు తుంటి దగ్గరకు దిగుతాయి. కొంచెం తింటే కడుపు నిండిపోతుంది. నిండుగా గాలి పీల్చలేరు. పడిపోతామన్న భయంతో గడప దాటరు. కదలకపోతే ఎముక ఇంకా తరుగుతుంది. బరువు మోయని ఎముకను శరీరం ఉంచుకోదు, వ్యోమగాములు అంతరిక్షంలో నెలకు ఒక శాతం పైనే పోగొట్టుకుంటారు. నడుము నొప్పి అనగానే వారాల తరబడి మంచం మీద ఉండమనేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

5. స్టెరాయిడ్ మాత్రలు. ఆస్తమాకో కీళ్లవాతానికో చర్మానికో మీరే రాస్తారు, చాలాసార్లు తప్పదు కూడా. అవి ఎముక కట్టే కణాలను చంపుతాయి, పేగుల్లో కాల్షియం పీల్చుకోవడాన్ని తగ్గిస్తాయి, మూత్రంలో పోయేదాన్ని పెంచుతాయి. మొదటి మూడు నుంచి ఆరు నెలల్లోనే ఎముక విరిగే ముప్పు పెరుగుతుంది. మాత్ర రాసినరోజే ఎముక మాట ఎత్తిన చీటీ ఒక్కటీ నా కంటబడలేదు.

6. ఇక మాత్రల సంగతి. 1250 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్ మాత్రలో అసలు కాల్షియం 500. ఈ తేడా మాకెవరూ చెప్పరు. కార్బొనేట్‌ను భోజనంతో వేసుకోవాలి. కడుపులో ఆమ్లం తగ్గించే మందు వాడేవాళ్లకు అది సరిగ్గా ఒంటబట్టదు, వాళ్లకు సిట్రేట్ నయం. థైరాయిడ్ మాత్రకు, దీనికి నాలుగు గంటలు ఎడం ఉండాలి. అవసరం ఉందో లేదో చూడకుండా అందరికీ రాయడమూ మంచిది కాదు. అమెరికాలో 36,282 మంది ఆడవాళ్ల మీద చేసి 2006లో ప్రకటించిన పరీక్షలో, కాల్షియం, విటమిన్ డి వేసుకున్నవాళ్లకు తుంటి విరగడం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు, కిడ్నీ రాళ్లు మాత్రం 17 శాతం ఎక్కువయ్యాయి.

అలాగని రాయి వచ్చిన ప్రతివాళ్లనూ కాల్షియం మానేయమనడమూ తప్పే. ఇటలీలో మళ్లీ మళ్లీ రాళ్లు వచ్చే 120 మంది మగవాళ్లను రెండు జట్లు చేసి అయిదేళ్లు చూశారు, 2002లో ఫలితం వచ్చింది. కాల్షియం తగ్గించిన 60 మందిలో 23 మందికి మళ్లీ రాయి వచ్చింది. కాల్షియం మామూలుగా తింటూ ఉప్పు, మాంసాహారం లాంటి జంతు సంబంధ మాంసకృత్తులు తగ్గించిన 60 మందిలో 12 మందికే వచ్చింది. పేగులో కాల్షియం ఉంటే ఆక్సలేటును అక్కడే పట్టేస్తుంది. ఉప్పు ఎక్కువైతే దాంతోపాటు కాల్షియం కూడా మూత్రంలోకి పోతుంది.

మెడలోని ఆ కణితిని తీసేసిన ఆపరేషన్ అయిన రాత్రి అమ్మకు పెదాలు, వేళ్ల కొసలు జివ్వుమన్నాయి. రక్తంలో కాల్షియం పడిపోయింది. మేము హడలిపోతే డాక్టరమ్మ అన్నారు, "భయపడకండి, మేము చూసుకుంటాం. ఎముక తన బాకీ వసూలు చేసుకుంటోంది" అని. ఇన్నాళ్లూ తోడేసినదాన్ని పూసలు వెనక్కి లాక్కుంటున్నాయి. ఒకరు వేసుకోమని, ఒకరు ఆపమన్న అదే మాత్రను ఆ వారమంతా గంటలు లెక్కపెట్టి వేశారు. కాల్షియం ఎటు పోతోందో తెలిశాక ఇచ్చిన మాత్ర అది.

ఇప్పుడు మేము అడుగుతున్నవి.

1. నడుము నొప్పితో పూస అణిగి వచ్చిన మనిషికి ఒట్టి కాల్షియం పరీక్ష రాసి ఊరుకోకండి. అల్బుమిన్, ఫాస్ఫేటు, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, క్రియాటినిన్, విటమిన్ డి కలిపి చూడండి. రక్తంలో కాల్షియంలో దాదాపు 40 శాతం ప్రొటీన్లను, ముఖ్యంగా అల్బుమిన్‌ను అంటుకుని తిరుగుతుంది, అల్బుమిన్ తగ్గితే అంకె తప్పుదారి పట్టిస్తుంది.

2. కాల్షియం ఎక్కువగా వస్తే మళ్లీ ఒకసారి చేయించి, వెంటనే పారాథైరాయిడ్ హార్మోన్ పరీక్ష రాయండి. ఆ హార్మోను ఎక్కువుంటే ఒక దారి. అణిగిపోయి ఉంటే మైలోమా (ఎముక మజ్జలో పుట్టే క్యాన్సర్), ఎముకకు పాకిన క్యాన్సర్ లాంటివి వెతకాల్సిన దారి, అక్కడ ఆలస్యానికి చోటే లేదు.

3. రేడియాలజిస్టులారా, "ఎత్తు స్వల్పంగా తగ్గింది", "కొంచెం అణిగినట్టుంది" అని రాయకండి. విరిగిన పూసను విరిగిందనే రాయండి. ఛాతీ ఎక్స్‌రేలో, కడుపు స్కానులో కనబడినా రాయండి. ఆ ఒక్క మాట మీద ఆ మనిషి తర్వాతి పదేళ్లు ఆధారపడి ఉంటాయి.

4. యాభై దాటినవాళ్లు నిలబడ్డ ఎత్తు నుంచి పడి మణికట్టు విరగ్గొట్టుకుని వస్తే, కట్టు కట్టడంతో పని అయిపోయిందనుకోకండి. ఎముకను పరీక్షించమని చీటీ మీద రాసి పంపండి.

5. మీ గది గోడకు ఎత్తు కొలిచే పట్టీ పెట్టించండి. వచ్చిన ప్రతిసారీ కొలిచి రాయండి. నాలుగు సెంటీమీటర్లు తగ్గితే పూసల ఎక్స్‌రే తీయండి. మా అమ్మ అయిదు సెంటీమీటర్లు తగ్గింది. అది కనిపెట్టింది వంటింటి అర.

6. మూడు నెలలు దాటి స్టెరాయిడ్ వాడాల్సి వస్తే, అదే చీటీలో ఎముకకు ఏం చేస్తున్నారో కూడా రాయండి.

7. ఎముక మందులు మొదలుపెట్టే ముందు విటమిన్ డి, కాల్షియం లోటు తీర్చండి. లేకపోతే రక్తంలో కాల్షియం ప్రమాదకరంగా పడిపోవచ్చు, కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకు మరీ. ఆర్నెల్లకోసారి ఇచ్చే డెనోసుమాబ్ ఇంజెక్షను రాస్తే, తర్వాతి తేదీ పెద్ద అక్షరాలతో రాసివ్వండి. మధ్యలో ఆపేస్తే ఒకటికి నాలుగు పూసలు విరిగే ముప్పుందని మొదటి రోజే చెప్పండి. నొప్పి తగ్గింది కదా అని మానేసేవాళ్లం మేము.

8. రెండు నిమిషాలు. మా కాల్షియం ఎక్కణ్నుంచి వస్తోంది, ఎక్కడికి పోతోంది అన్నది మా భాషలో చెప్పడానికి రెండు నిమిషాలివ్వండి. ఒక డాక్టరు గారు ఆపమన్నది ఇంకొకరు వేసుకోమంటే, మమ్మల్ని మధ్యలో నిలబెట్టకండి. మా ఫైలు మీద ఒకరికొకరు నాలుగు వాక్యాలు రాసుకోండి.

ఇందులో ఏ ఒక్కటీ చేయడానికి వీల్లేదనుకుంటే, ఎందుకు వీల్లేదో రాయండి. నేను చెప్పినదాంట్లో తప్పుంటే దిద్దండి, నలుగురిలోనే దిద్దుకుంటాను. అమ్మ రెండు ఎక్స్‌రేలు, తేదీలతో సహా రక్తపరీక్షల కాగితాలు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. మీ విద్యార్థులకు చూపించడానికి పనికొస్తాయంటే, అమ్మ పేరు కొట్టేసి ఇవ్వడానికి అమ్మ ఒప్పుకుంది.

ఇట్లు,
ఒక రోగి కూతురు